కొట్టేసిన వాక్యాలు అడగండి

పుస్తకాలు ఎలా చదవాలో, రాసే స్నేహితులకు ఎలా సాయపడాలో చెప్పేవాళ్ళకు మన దగ్గర కొదవ లేదు. నిషేధించిన పుస్తకం దొరికితే గుట్టుగా చదువుకో. పుస్తకం చదువు గానీ దాని చుట్టూ రేగిన గొడవ జోలికి పోకు. స్నేహితురాలి కథ చేతికొస్తే తప్పులు దిద్ది పెట్టు. మొహమాటపడకుండా అభిప్రాయం చెప్పు. వివాదం అయ్యేలా ఉంటే ముందే హెచ్చరించు. అన్నీ అనుభవం ఉన్నవాళ్ళు చెప్పినవే, వినడానికి సబబుగానే ఉంటాయి. వీటన్నిటికీ ఎదురు చెప్పడానికే ఈ వ్యాసం. పుస్తకాలు చదవడం, రాసే స్నేహితులకు సాయపడటం, ఏళ్ళ తరబడి ఈ రెండు పనులూ చేస్తూ వచ్చాక నాకు గట్టిపడిన నమ్మకం ఏమిటంటే, అవి రెండూ ఒకటే పని. ఎక్కడైనా సరే, కాగితం మీద మిగిలినదాన్ని అందరూ చూస్తారు. అక్కడ లేకుండా పోయినదాన్ని వెతికేవాళ్ళే తక్కువ.

ముందు నిషేధించిన పుస్తకాల సంగతి. వాటిని గుట్టుగా, ఒంటరిగా చదవకండి. పక్కన నిషేధ చరిత్ర పెట్టుకుని చదవండి. సాహిత్యాన్ని సాహిత్యంగానే చూడాలి, ప్రభుత్వం ఏం చేసిందన్నది మనకెందుకు అనే పెద్దలు దీనికి ఒప్పుకోరు. కానీ ‘మాలపల్లి’నే తీసుకోండి. ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో రాశారు. 1922లో అచ్చయింది. మరుసటి ఏడాదే మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. 1928లో కొన్ని భాగాలు తీసేస్తే వేసుకోవచ్చంది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు దాన్ని పాఠ్యపుస్తకం చేశాక 1936లో మళ్ళీ కత్తి దూసింది. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాక గానీ ఆ నవల ఊపిరి పీల్చుకోలేదు. ఇంత చరిత్ర విని నవల తెరిచినవాళ్ళు తొలి పేజీల్లోనే తిరుగుబాటు కనిపిస్తుందనుకుంటారు. ఎదురయ్యేది రామదాసు వేదాంతం, భక్తి పాటలు, కుటుంబాల కష్టసుఖాలు, పల్లె మాటలు. చాలామంది అక్కడే పుస్తకం మూసేస్తారు. ‘ఇందులో నిషేధించడానికి ఏముంది?’ అంటారు.

ఆ ప్రశ్నతోనే చదువు మొదలవ్వాలి. ఏముందని ఒక ప్రభుత్వం ఈ నవలను రెండుసార్లు ఆపింది? ఈ ప్రశ్న మనసులో పెట్టుకుని చదివితే భక్తి పాటలు కూడా వేరేగా వినిపిస్తాయి. మాలవాడలో పుట్టిన రామదాసు వేదాంతం మాట్లాడుతున్నాడు. అతని కొడుకు సంగదాసు కూలి గురించి పేచీ పెట్టగలుగుతున్నాడు, భూస్వామి చేతిలో ప్రాణం పోగొట్టుకుంటున్నాడు. ఇంకో కొడుకు తక్కెళ్ళ జగ్గడై ఉన్నవాళ్ళను దోచి లేనివాళ్ళకు పెడుతున్నాడు. దొరలకు మంట పుట్టించింది ఏదో ఒక్క వాక్యం కాదని అప్పుడు తెలుస్తుంది. అంటరానివాడి ఇంటిని నవల మధ్యలో నిలబెట్టి, ఆ ఇంటి ఆలోచనకు అంత గౌరవం ఇవ్వడమే వాళ్ళు సహించలేకపోయారు. ఇది నా తీర్పు. నిషేధం సంగతి పక్కన పెట్టి చదివి ఉంటే నాకు ఇది తట్టేది కాదు.

అందుకే విసుగు పుట్టించే పేజీలు దాటేయకండి. ‘కావలసిన భాగాలు మాత్రం చదువుకోండి’ అనే సలహా నిషేధించిన పుస్తకాల విషయంలో చాలా హాని చేస్తుంది. ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ తెరిచేవాళ్ళలో చాలామంది శృంగారం కోసమే వెతుకుతారు. పద్దెనిమిదో శతాబ్దపు తంజావూరు ఆస్థానంలో ఒక స్త్రీ, రాధ కోపాన్నీ కోరికనూ ఇంత విస్తారంగా, ఇంత నిబ్బరంగా రాయగలిగిందన్న సంగతి వాళ్ళకు అందకుండానే పోతుంది.

ఈ కావ్యం దగ్గర కాసేపు ఆగాలి. నేను చెప్పదలచుకున్నదంతా బెంగుళూరు నాగరత్నమ్మ చేసి చూపించింది. ముద్దుపళని పోయి నూరేళ్ళు దాటాక ఆ కావ్యం నాగరత్నమ్మ చేతికొచ్చింది. అప్పటికే అచ్చులో ఒక ప్రతి ఉంది, కానీ పద్యాలు కొన్ని ఎగిరిపోయాయి. కందుకూరి వీరేశలింగం అంతటివాడు ఈ కవయిత్రి శృంగారాన్ని తప్పుపట్టి ఉన్నాడు. మామూలు పాఠకురాలైతే దొరికినదాంతో సరిపెట్టుకునేది. నాగరత్నమ్మ రాతప్రతి సంపాదించింది, అచ్చు పుస్తకంతో పోల్చి చూసింది, తీసేసిన పద్యాలను తిరిగి వాటి చోట కూర్చోబెట్టింది. 1910లో వావిళ్ళ వారి చేత అచ్చు వేయించింది. వీరేశలింగాన్ని పీఠికలో నేరుగా నిలదీసింది: ఆయన పరిష్కరించిన ‘వైజయంతీ విలాసం’లోని శృంగారానికి అడ్డురాని నీతి, స్త్రీ రాసినదానికే ఎందుకు అడ్డొచ్చిందని. మరుసటి ఏడాదికల్లా ప్రభుత్వం పుస్తకం మీద పడింది, ప్రతులు పట్టుకుపోయింది. ఆ నిషేధం స్వాతంత్ర్యం వచ్చే కాలానికి, ప్రకాశం పంతులు హయాంలో గానీ తొలగలేదు. 1952లో మళ్ళీ అచ్చయింది. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధిని నిలబెట్టిన మనిషిగా నాగరత్నమ్మను సంగీతం వాళ్ళు తలచుకుంటారు. సాహిత్యం వాళ్ళు తలచుకోవాల్సింది ఇందుకు: తన ముందున్న పుస్తకంలోంచి ఏం తీసేశారని అడిగింది.

ఇక నిషేధపు ఉత్తర్వును కూడా పుస్తకమంత శ్రద్ధగా చదవండి. లాయర్లకు వదిలేయమని మంచివాళ్ళే చెబుతారు, వదలకండి. మన చట్టంలో రాష్ట్ర ప్రభుత్వం ఒక పుస్తకాన్ని జప్తు చేయాలంటే తన అభిప్రాయానికి ఆధారాలు ఉత్తర్వులోనే చెప్పాలి. మొన్నటిదాకా అది క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 95వ సెక్షన్, కొత్త భారతీయ నాగరిక సురక్షా సంహితలో 98వది. ఆధారాలు చెప్పని జప్తు ఉత్తర్వును హర్నామ్ దాస్ కేసులో సుప్రీంకోర్టు 1961లోనే కొట్టేసింది. గెజిట్‌లో పడిన రెండు నెలల లోపు, ఆ పుస్తకంతో సంబంధం ఉన్న ఎవరైనా హైకోర్టుకు వెళ్ళొచ్చు, ముగ్గురు జడ్జీలు వినాలి. ఈ చిన్న సంగతి తెలియక ఎందరో పుస్తకప్రియులు, నిషేధం అనగానే చర్చ ముగిసిందనుకుంటారు.

సల్మాన్ రష్దీ ‘ద సటానిక్ వర్సెస్’ సంగతి చూడండి. 1988 అక్టోబరులో కేంద్రం ఆ నవలను దిగుమతి చేసుకోకూడదని కస్టమ్స్ నోటిఫికేషన్ ఇచ్చింది. 30 ఏళ్ళ పైచిలుకు అది నిషేధిత పుస్తకంగానే చలామణీ అయింది. పుస్తకం తెప్పించుకోవాలనుకున్న ఒక పాఠకుడు 2019లో ఢిల్లీ హైకోర్టు తలుపు తట్టి, ఆ నోటిఫికేషన్ చూపించమన్నాడు. ఏ ఆఫీసూ ఆ కాగితాన్ని చూపించలేకపోయింది. 2024 నవంబరులో కోర్టు, అలాంటి నోటిఫికేషన్ లేదనే భావించాలని చెప్పి కేసు ముగించింది. ఆ నవల మీద మీ అభిప్రాయం ఏదైనా కావచ్చు. ఒక తరం పాఠకులను అడ్డుకున్న కాగితాన్ని చూపించమని అడగడానికి ఒక మామూలు మనిషి కావలసివచ్చింది.

పరాయి పాలకులే ఇలా చేశారని సర్దిచెప్పుకోకండి. 1986లో వచ్చిన వరవరరావు కవితా సంపుటి ‘భవిష్యత్ చిత్రపటం’ను నిషేధించింది మనం ఓట్లేసి ఎన్నుకున్న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే.

ఇప్పుడు స్నేహితుల చిత్తుప్రతుల దగ్గరికి వద్దాం. నిషేధం గెజిట్‌లో మొదలవుతుందని అనుకుంటాం. చాలా పుస్తకాలకు అంత భాగ్యం కూడా ఉండదు. రాసేవాడి చేతిలోనే కొంత పోతుంది. ఇంట్లోవాళ్ళు చదువుతారేమోనని కొంత, కులంవాళ్ళు ఏమంటారోనని కొంత, అకాడమీ వాళ్ళు, ఆఫీసులో పైవాళ్ళు చూస్తారేమోనని కొంత. మిగిలినది మొదటిసారి చదివే స్నేహితుడి చేతిలో పోతుంది. తెలుగులో ఈ స్నేహితుడి బాధ్యత ఇంకా ఎక్కువ. మన రచయితలు ఎక్కువమంది సొంత డబ్బుతో ఐదువందలో వెయ్యో కాపీలు వేసుకుంటారు. రాతప్రతిని మొదటి నుంచి చివరి దాకా పట్టి చూసే ఎడిటర్ అంటూ ఎవరూ ఉండరు. వాట్సాప్‌లో ‘ఓసారి చూడండి’ అని వచ్చిన పీడీఎఫ్‌ను తెరిచే మనిషే ఎడిటరు, మొదటి పాఠకుడు, అవసరమైతే మొదటి సెన్సారు కూడా. అందుకని ఈ పనికి కొన్ని ఎదురు సలహాలు చెబుతున్నాను.

ఎర్ర పెన్ను తీసుకెళ్ళకండి. అచ్చుతప్పులు, వత్తులు, దీర్ఘాలు, ఫలానా మాట గ్రాంథికమా వ్యావహారికమా, ఇవేవీ మొదటి చదువులో ముట్టుకోకండి. ప్రూఫులు దిద్దడానికి తర్వాత బోలెడు సమయం ఉంటుంది. పేజీ నిండా ఎర్ర గీతలు చూసిన రచయిత తన కథలో లోపాలు అవేననుకుంటుంది. వాటిని సరిచేసి, పని అయిపోయిందనుకుని పత్రికకు పంపేస్తుంది. అసలు కదలాల్సింది ఏదీ కదలదు.

‘బాగుంది’ అనకండి, ‘బాగాలేదు’ అని కూడా అనకండి. నిర్మొహమాటంగా మాట్లాడటం గొప్ప అని మనం అనుకుంటాం. ఇంకా పచ్చిగా ఉన్న రచనకు తీర్పు ఏ పక్కన ఇచ్చినా కీడే. దాని బదులు మీకు ఏం జరిగిందో చెప్పండి. మూడో పేజీలో వేగం తగ్గింది. మేనత్త వచ్చిన చోట నవ్వొచ్చింది. చివరి దృశ్యంలో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలియక వెనక్కి వెళ్ళాను. ఇవి రచయిత వాడుకోగలిగే సంగతులు.

వీలైతే చేతికి తీసుకోకుండా చదివించుకోండి. రచయితనే పైకి చదవమనండి. ఇది పాత అలవాటే, ఇప్పుడు తగ్గింది. గొంతు ఎక్కడ సన్నబడిందో, ఎక్కడ ఒక వాక్యాన్ని గబగబా దాటేశారో గమనించండి. రచయిత సిగ్గుపడేది, భయపడేది అక్కడే. సంగతి కూడా చాలాసార్లు అక్కడే ఉంటుంది.

అన్నిటికన్నా ముఖ్యం, ఈ వ్యాసానికి పేరిచ్చిన సలహా: ఇందులోంచి ఏం తీసేశావని అడగండి. గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి, కథలు కొత్తగా రాస్తోంది, మిరప కల్లం మీద ఒక కథ తెచ్చింది. ఎండలో పరిచిన కాయల మంట, ఆడకూలీల ముక్కులకు చుట్టుకున్న చీర కొంగులు, మధ్యాహ్నం నీళ్ళ బిందె దగ్గర గుసగుసలు, అన్నీ కళ్ళకు కట్టినట్టు ఉన్నాయి. కానీ కథ ఎక్కడా బిగుసుకోలేదు. పైకి చదివించుకుంటే, సాయంత్రం కాటా దగ్గరికి వచ్చేసరికి ఆ అమ్మాయి రెండు వాక్యాలు మింగేసింది. ‘ఈ కాటా దగ్గర ముందు ఏమైనా రాశావా?’ అన్నాను. ‘రాశా అక్కా, అది ఇప్పుడెందుకులే, మా పెదనాన్నావాళ్ళు చదువుతారు’ అంది. ‘కథలో పెట్టొద్దులే. నాకొక్కదానికే చూపించు’ అన్నాను. ఫోనులో పాత ప్రతి తీసింది. అందులో ఆరు లైన్లున్నాయి. కూలీలు కోసిన కాయను తూచి కాగితం మీద రాసేది కథ చెప్పే పిల్ల పెదనాన్నే. కిలోల లెక్కన కూలి. తరుగు పేరుతో ప్రతి తూకంలోనూ కొంత కోసేసేవాడు. ఆ పిల్ల పక్కనే నిలబడి చూస్తూ, అంకెలు తప్పని తెలిసీ నోరు మెదపదు. కథంతా ఆ ఆరు లైన్లలోనే ఉంది. మిగతాదంతా దాని చుట్టూ కట్టిన పందిరి.

నేను పెట్టమని చెప్పలేదు. ‘ఇవి లేకపోతే పిల్ల ఎందుకు మౌనంగా ఉందో నాకు తెలియలేదు, ఇవి చదివాక తెలిసింది’ అని మాత్రం చెప్పాను. తర్వాతి ప్రతిలో ఆ అమ్మాయి పెదనాన్నను అలాగే ఉంచింది, ఊరి పేరు మార్చింది. ఆ నిర్ణయం ఆమెది. వివాదం గురించి స్నేహితులను ముందే హెచ్చరించకండి అని నేను అంటున్నది ఇందుకే. బతికున్న ఒక మామూలు మనిషిని ఊరూ పేరూ సహా బజారుకీడ్చే రాత అయితే, జవాబు చెప్పుకోలేని వాళ్ళకు కీడు చేసేదైతే, ఆ సంగతి తప్పక చెప్పాలి. అదొక్కటి మినహాయింపు. కులం వాళ్ళు గొడవ చేస్తారు, దేవుడి పేరు ఉంది, అవార్డు రాదు, ఈ రోజుల్లో ఎందుకొచ్చిన తంటా, ఇలాంటి హెచ్చరికలు రచయితకు మీరు చెప్పక్కర్లేదు. అవన్నీ తనలోనే రాత్రింబవళ్ళు మోగుతుంటాయి. మీరు కూడా గొంతు కలిపితే ఆ ఆరు లైన్లు ఇంకెప్పుడూ బయటికి రావు. తమిళ రచయిత పెరుమాళ్ మురుగన్ 2010లో రాసిన ‘మాదొరుబాగన్’ నవల మీద నాలుగేళ్ళ తర్వాత నామక్కల్ జిల్లాలో ఆందోళన లేచింది. 2015 జనవరిలో తనలోని రచయిత చనిపోయాడని ఆయన ప్రకటించాల్సి వచ్చింది. 2016 జూలైలో మద్రాసు హైకోర్టు ఆయన పక్షాన తీర్పు ఇచ్చాక మళ్ళీ కలం పట్టాడు. ఆ గొడవ సంగతి తెలిసిన స్నేహితులుగా మనం చేయాల్సింది, అలాంటి రోజు వస్తే పక్కన నిలబడటం. ఆ రోజు రాకుండా ఉండాలని రచన గొంతు ముందే నొక్కడం మన పని కాదు.

‘మరి ఎజ్రా పౌండ్ ఎలియట్ కవితను సగానికి సగం కోసి పారేయలేదా? దానివల్లే కదా అది నిలిచింది?’ అని కొందరు మిత్రులు వాదిస్తారు. ‘ద వేస్ట్ లాండ్’ విషయంలో అది నిజమే. కానీ కోతలను ఒప్పుకోవాలా వద్దా తేల్చుకున్నది ఎలియటే. పౌండ్ గీతలున్న కాగితాలు నిలిచాయి, 1971లో అచ్చయ్యాయి, ఏది పోయిందో మనం చూడగలం. రేమండ్ కార్వర్ కథల మాట వేరు. ఎడిటర్ గోర్డన్ లిష్ కొన్ని కథల్ని సగానికి పైగా కోశాడు. 1980లో ఆ కథల పుస్తకం ఆపేయమని కార్వర్ ఉత్తరం రాసి బతిమాలుకున్నాడు. అయినా పుస్తకం మరుసటి ఏడాది లిష్ కోసినట్టే వచ్చింది. కార్వర్ అసలు రాసిన రూపం ఆయన పోయిన ఇరవై ఒక్క ఏళ్ళకు, 2009లో గానీ పుస్తకంగా రాలేదు. లిష్ కోతలు కథలకు మేలు చేశాయనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నేను వాళ్ళతో ఏకీభవించను. వద్దని రచయిత చెప్పాక ఎంత గొప్ప దిద్దుబాటైనా దౌర్జన్యమే.

తొందరపెట్టకండి. ‘ఇంకెన్నాళ్ళు చెక్కుతావు, వేసెయ్’ అనడం ప్రోత్సాహం అనిపిస్తుంది. కానీ గురజాడ ‘కన్యాశుల్కం’ 1897లో అచ్చు వేశాక కూడా వదల్లేదు. పన్నెండేళ్ళకు, 1909లో, దాదాపు కొత్త నాటకంలా తిరగరాసి వేశాడు. ఇవాళ మనం తలమీద పెట్టుకుంటున్నది ఆ రెండోదాన్ని. అచ్చయినదాన్ని కూడా చిత్తుప్రతిగా చూడగలిగిన స్వేచ్ఛ రచయితకు ఇచ్చే స్నేహితులు కావాలి.

ఆఖరి సలహా వింటే మర్యాద తెలిసినవాళ్ళు నొచ్చుకుంటారు: చదివాక ప్రతి తిరిగి ఇచ్చేయకండి, రచయితకు చెప్పి ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. 1961 ఫిబ్రవరిలో సోవియట్ రహస్య పోలీసులు వసీలీ గ్రాస్‌మన్ ఇంటికి వచ్చి ‘జీవితం, విధి’ నవల రాతప్రతుల్నీ, కార్బన్ కాగితాల్నీ, టైపురైటర్ రిబ్బన్లను సైతం పట్టుకుపోయారు. గ్రాస్‌మన్ తన నవల అచ్చులో చూడకుండానే 1964లో పోయాడు. 1980లో స్విట్జర్లాండ్‌లో అది వెలువడిందంటే, కవి మిత్రుడు సెమ్యోన్ లిప్కిన్ దాచిన ప్రతి వల్ల. అన్నా అఖ్మాతోవాకైతే కాగితం దాచే వీలు కూడా లేదు. ‘రిక్వియమ్’ కవితల ముక్కలను చీటీ మీద రాసి నమ్మకస్తురాలైన స్నేహితురాలి చేతికిచ్చేది. ఇంటి గోడలకు చెవులుంటాయని పైకి టీ గురించో వాతావరణం గురించో మాట్లాడేది. లిడియా చుకోవ్‌స్కయా లాంటి ఆ స్నేహితురాలు చదివి కంఠతా పట్టాక అఖ్మాతోవా ఆ చీటీని కాల్చేసేది. అలా కొందరి తలల్లో బతికిన ఆ కవిత 1963లో మ్యూనిక్‌లో, 1987లో సొంత దేశంలో అచ్చయింది. ఆ మిత్రులెవరూ విమర్శకులుగా పేరు తెచ్చుకోవడానికి ఆ పని చేయలేదు. మన ఊళ్ళలో రహస్య పోలీసులు రాకపోవచ్చు. పాడైపోయిన ల్యాప్‌టాప్, పెళ్ళయ్యాక అటక మీద మరిచిన నోటుబుక్కు, చనిపోయిన రచయిత కాగితాలను తూకానికి అమ్మేసే వారసులు చాలు. తెలుగులో ఎన్ని రచనలు అలా పోయాయో లెక్క కట్టే దిక్కు లేదు.

మీ ఫోనులో ఇప్పుడు ఎవరిదో ఒకరి చిత్తుప్రతి తెరవకుండా పడి ఉండే ఉంటుంది. ఈ ఆదివారం ఆ మనిషికి ఫోన్ చేయండి. వచ్చి చదివి వినిపించమనండి, ఏమేం కొట్టేశారో అడగండి, ఆ పాత ప్రతి కూడా తెమ్మనండి. తెచ్చినదాంట్లో ఒక కాపీ మీ బీరువాలో పెట్టుకోండి.